పులుపు మారితే పాళ్ళు మారాలి

నిమ్మరసం బదులు బత్తాయి పిండితే గ్లాసులో ఏం జరుగుతుంది?

దీని జవాబు ఒక పాత పానీయం కథతో మొదలవుతుంది. చెన్నైకి ఉత్తరాన ఉన్న కాట్టుపల్లి తీరంలో ఇప్పుడు కంటైనర్ ఓడలు ఆగుతున్నాయి. ఆ ఊరి నుంచి తీరం వెంబడే ఉత్తరానికి పోతే పళవేర్కాడు, దాన్ని ఆనుకుని పులికాట్ సరస్సు, అంటే మన ప్రళయకావేరి. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడ 'గ్లోబ్' ఈ తీరానికి వచ్చి మొదట పులికాట్ దగ్గరే ఆగింది. అప్పటికే అక్కడ పాతుకుపోయిన డచ్చివాళ్ళు వ్యాపారానికి ఒప్పుకోలేదు. ఓడ ఇంకా పైకి సాగి, ఇంగ్లీషు కాగితాల్లో పెటపోలి అని కనిపించే మన నిజాంపట్నానికి, అక్కణ్ణించి మచిలీపట్నానికి చేరింది. రెండు చోట్లా కంపెనీ వర్తకం మొదలైంది.

ఇరవై ఏళ్ళు గడిచాక పెటపోలి పేరు మరో కారణంగా చరిత్రలో నిలిచిపోయింది. 1632 సెప్టెంబరులో రాబర్ట్ ఆడమ్స్ అనే కంపెనీ ఉద్యోగి పెటపోలిలోని కోలీ అనే వర్తకుడికి ఒక ఉత్తరం రాశాడు. 'పంచ్' అనే పానీయం ప్రస్తావన ఇంగ్లీషు రాతల్లో మొదట దొరుకుతున్నది ఆ ఉత్తరంలోనే. ఈనాడు ప్రపంచమంతా కాక్‌టెయిల్ అని పిలుచుకునే పానీయాల్లో సగానికి మూలపురుషుడి వంటిది పంచ్. దాని తొలి చిరునామా తెలుగు తీరం కావడం మనం గుర్తుంచుకోదగ్గ విషయం.

పంచ్‌లో పడేవి సారా, నిమ్మరసం, చక్కెర, నీళ్ళు, ఏదో ఒక సుగంధ ద్రవ్యం. మోతాదు మాత్రం ఊరూరికీ వేరు. 1638లో సూరత్‌కు వచ్చిన జర్మన్ యాత్రికుడు మాండెల్‌స్లో చెప్పిన పానీయంలో గులాబి నీళ్ళున్నాయి. ఆ తర్వాత కొంతకాలానికి బెంగాల్ గురించి రాసిన ఫ్రెంచి వైద్యుడు బెర్నియే నల్లబెల్లంతో కాచిన సారా, నిమ్మరసం, జాజికాయ అన్నాడు. ఏ ఊళ్ళో ఏది దొరికితే అది కలిపారు. పులుపు మాత్రం ఎవరూ వదల్లేదు. ఎందుకు వదల్లేదో తెలిస్తేనే దాన్ని ఎలా మార్చుకోవాలో తెలుస్తుంది.

గ్లాసులో రసం చేసే పనులు

పెద్ద గిన్నెలో కలిపి పదిమందీ పంచుకున్న పంచ్ క్రమంగా ఒక్కరి గ్లాసులోకి కుదించుకుంది. 1862లో అమెరికాలో జెర్రీ థామస్ అచ్చువేయించిన బార్ పుస్తకం నాటికి 'సవర్' అనే వర్గం స్థిరపడింది. మద్యం, పుల్లని రసం, తీపి, ఐసు, అంతే. రమ్ము, నిమ్మరసం, చక్కెర కలిస్తే డైకిరీ. టెకీలా, నిమ్మరసం, నారింజ లిక్కర్ కలిస్తే మార్గరీటా. విస్కీ అయితే విస్కీ సవర్. పేర్లెన్ని ఉన్నా లోపలి ఎముకల గూడు ఒకటే.

ఆ గూడులో పండ్లరసానికి నాలుగు పనులున్నాయి. పులుపు ఇవ్వడం మొదటిది. తనతోపాటు కొంత తీపి తేవడం రెండోది. నీళ్ళు కలిపి ఘాటు తగ్గించడం మూడోది. తొక్కలోని నూనెలు, గుజ్జులోని పదార్థాల వల్ల వాసన, చిక్కదనం ఇవ్వడం నాలుగోది. ఒక రసం తీసి మరో రసం పోసినప్పుడు ఈ నాలుగూ ఒక్కసారే మారిపోతాయి. మనం మాత్రం రంగు, రుచి మారాయనే అనుకుంటాం. పాత పాళ్ళతో కొత్త రసం కుదరకపోవడానికి కారణం ఇదే.

లెక్క వేసి చూద్దాం

గూడూరు మార్కెట్లో బస్తాలకొద్దీ కనిపించే మన నిమ్మకాయ పల్చటి తొక్కది, పుల్లనిది. తిరుపతి నిమ్మజాతి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన 'బాలాజీ', పెట్లూరు నుంచి వచ్చిన 'పెట్లూరు సెలెక్షన్-1' ఈ జాతివే. ఈ కాయ రసంలో ఇంచుమించు 6 శాతం ఆమ్లం ఉంటుంది. అందులో చాలావరకు సిట్రిక్ ఆమ్లం, కొంచెం మాలిక్ ఆమ్లం. చక్కెర ఒకటి రెండు శాతానికి మించదు.

అదే బత్తాయిని చూడండి. రాయలసీమలో చీనీ, తమిళనాడు వైపు సాత్తుకుడి. ఆమ్లం అర శాతం దగ్గర, చక్కెర 8, 9 శాతం. కమలా, నారింజ రకాలు ఒక శాతం లోపు. అనాస కూడా దాదాపు అంతే. అన్నీ పండ్లరసాలే, గ్లాసులో అన్నీ పసుపుపచ్చగానే కనిపిస్తాయి. పులుపులో మాత్రం పది పన్నెండు రెట్ల తేడా ఉంది.

ఇప్పుడు ఒక డైకిరీ తీసుకుందాం. రమ్ము 60 మి.లీ., నిమ్మరసం 25 మి.లీ., సమపాళ్ళలో చక్కెర, నీళ్ళు కలిపిన సిరప్ 25 మి.లీ. నిమ్మరసం తెచ్చిన ఆమ్లం 1.5 గ్రాములు. సిరప్ తెచ్చిన చక్కెర దాదాపు 15 గ్రాములు. నాలుక ఈ రెండింటి నిష్పత్తిని పట్టుకుని 'బాగుంది' అంటుంది.

నిమ్మరసం తీసేసి అంతే బత్తాయి రసం పోస్తే ఆమ్లం 0.12 గ్రాములకు పడిపోతుంది. అంటే పన్నెండో వంతు. తీపి మాత్రం ఇంకో రెండు గ్రాములు పెరుగుతుంది. ఫలితం చప్పగా, జిగటగా ఉండే తియ్యటి ద్రవం. పోనీ, బత్తాయితోనే ఆ పులుపు రాబడదామంటే 300 మి.లీ. రసం పొయ్యాలి. అంత రసంతో 25 గ్రాముల చక్కెర కూడా వచ్చిపడుతుంది, సిరప్ చుక్క కూడా వెయ్యకుండానే. ఇక అది డైకిరీ కాదు, రమ్ము కలిపిన బత్తాయి జ్యూసు.

దీనికి దారి రెండు విధాలు. ఒకటి, కొత్త రసాన్ని వాసన కోసం తీసుకుని పులుపు పని నిమ్మకాయకే వదిలెయ్యడం. అనాస, మామిడి, జామ రసాలు వాడే పానీయాల్లో చివర కొంచెం నిమ్మరసం పిండడం ఇందుకే. ప్యూర్టోరికోలో పుట్టిన అనాస పానీయం పీనా కొలాడాను ఇంట్లో చేసేవారికి చిటికెడు ఉప్పు, అరచెక్క నిమ్మ ఎంత మేలు చేస్తాయో ఒకసారి చేసి చూస్తే తెలుస్తుంది.

రెండోది, తక్కువ పడిన ఆమ్లాన్ని విడిగా కలపడం. మన వంటింట్లో, కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు సిట్రిక్ ఆమ్లమే. నిమ్మరసంలో 100 మి.లీ.కు 6 గ్రాముల ఆమ్లం ఉంటే బత్తాయిలో అర గ్రాము ఉంది. లోటు 5.5 గ్రాములు. 100 మి.లీ. బత్తాయి రసంలో అంత నిమ్మ ఉప్పు కరిగిస్తే పులుపులో అది నిమ్మరసంతో సమానమవుతుంది, వాసన మాత్రం బత్తాయిదే. అమెరికన్ రచయిత డేవ్ ఆర్నాల్డ్ 2014లో వెలువరించిన 'లిక్విడ్ ఇంటెలిజెన్స్' పుస్తకం తర్వాత పెద్ద నగరాల బార్లలో ఈ పద్ధతి మామూలైపోయింది. నారింజ రసం లీటరుకు సిట్రిక్ 32, మాలిక్ 20 గ్రాములు ఆయన చెప్పిన కొలత. నిమ్మ ఉప్పు కొనేటప్పుడు ఆహారానికి వాడేదేనని ప్యాకెట్ మీద చూసుకోవాలి. కంటి కొలత పనికిరాదు, చిన్న త్రాసు ఉండాలి. అర గ్రాము తేడా కూడా నాలుకకు తెలుస్తుంది.

పులుపుల్లో తేడాలు

పులుపును నాలుక ఎలా పట్టుకుంటుందో చాలాకాలం సరిగా తెలియలేదు. ఓటాప్1 అనే ప్రోటాన్ల ద్వారాన్ని 2018లో అమెరికా శాస్త్రజ్ఞులు గుర్తించారు. పులుపు రుచిని పసిగట్టేది అదేనని మరుసటి ఏడాది తేలింది. ఆమ్లం నుంచి విడివడిన హైడ్రోజన్ అయాన్లు, అంటే ప్రోటాన్లు, రుచి కణంలోకి ఆ ద్వారం గుండా చొరబడతాయి. అయితే పి.హెచ్. అంకె ఒక్కటి చూసి పులుపు అంచనా వేస్తే దెబ్బతింటాం. పండ్లలోని ఆమ్లాలు బలహీనమైనవి. అవి తమ దగ్గరున్న అయాన్లన్నీ ఒకేసారి వదలవు, లాలాజలం కలిసేకొద్దీ కొత్తగా వదులుతుంటాయి. అందుకే మొత్తం ఆమ్లం ఎంత ఉందన్నదే అసలు లెక్క.

ఏ ఆమ్లమన్నది కూడా ముఖ్యమే. నిమ్మలోని సిట్రిక్ పులుపు చురుగ్గా తగిలి త్వరగా దిగిపోతుంది. ఆపిల్ పండులోని మాలిక్ పులుపు నెమ్మదిగా వచ్చి నాలుక మీద నిలుస్తుంది. చింతపండు, ద్రాక్షల్లో టార్టారిక్ ఆమ్లం. దాని పులుపు గట్టిది, పొడిపొడిగా తోస్తుంది. మజ్జిగలోని లాక్టిక్ పులుపు మెత్తన.

తెలుగింటికి చింతపండు కన్నా దగ్గరి పులుపు లేదు. ఆ గుజ్జులో టార్టారిక్ ఆమ్లం 8 నుంచి 18 శాతం దాకా ఉంటుంది. అంటే 12, 13 గ్రాముల మంచి గుజ్జు పైన చెప్పిన డైకిరీలోని 25 మి.లీ. నిమ్మరసంతో తూగగలదు. బెల్లంతో చేసిన సిరప్పు, చింతపులుసు కలిసిన చోట ముదురు రంగు రమ్ము బాగా కుదురుతుంది, ఎందుకంటే మూడింటిలోనూ కాగిన చక్కెర వాసనలే ఉన్నాయి. పారదర్శకంగా ఉండే జిన్నుకు చింతపండు నప్పదు. గుజ్జు దాని పూల వాసనను మింగేస్తుంది.

మామిడి సంగతి వేరు. చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీలన్నీ తోతాపురి మీద బతుకుతున్నాయి. ఆ గుజ్జులో పెక్టిన్ ఎక్కువ, అందువల్ల పానీయం చిక్కబడుతుంది. కాయ పండేకొద్దీ ఆమ్లం తగ్గి చక్కెర పెరుగుతుంది కనుక ఒక డబ్బా గుజ్జుకు, మరో డబ్బా గుజ్జుకు పాళ్ళు ఒకటి కావు. మామిడితో చేసేటప్పుడు సిరప్ సగానికి తగ్గించి మొదలుపెట్టి, రుచి చూస్తూ పెంచుకోవాలి.

నన్నారి బండి దగ్గరి పాఠం

ఈ లెక్కలన్నీ మద్యానికే పరిమితం అనుకోవద్దు. మన సరిహద్దు ఊళ్ళలోని నన్నారి బండినే చూడండి. 1960 ఏప్రిల్ 1న సరిహద్దులు సవరించినప్పుడు తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రానికి, సత్యవేడు ప్రాంతం ఆంధ్రకు వెళ్ళాయి. గీత మారింది గానీ ఎండాకాలం గొంతు తడుపుకోవడానికి రెండు వైపులా తాగేది నన్నారి, నిమ్మ, సోడానే. రసాయన శాస్త్రం చూపుతో చూస్తే ఇది మద్యం లేని సవర్. సారా స్థానంలో సుగంధి వేరు సారం నిలిచింది. ఆ వాసనకు మూలమైన అణువు వనిల్లాలోని వనిల్లిన్‌తో సమానమైన పరమాణువులు కలది, అమరికే వేరు. నన్నారి సిరప్ చిక్కటి తీపి. దానికి ఎదురు నిలిచే పులుపు నిమ్మకాయలోనే ఉంది.

బండివాళ్ళు గ్లాసులో ఏం చేస్తారో దగ్గరగా గమనించండి. ముందు సిరప్, దాని మీద నిమ్మ పిండటం, చిటికెడు ఉప్పు, అప్పుడు సోడా. సోడాలోని గ్యాసు నీటిలో కరిగి కొద్దిగా ఆమ్లమవుతుంది కనుక పులుపు కొంత పెరుగుతుంది. ఉప్పు చేదును అణచి తీపిని, వాసనను పైకి తెస్తుంది. పానీయం బాగా చల్లగా ఉంటే తీపి తక్కువ తెలుస్తుంది. అందుకే ఐసు వెయ్యకముందు కాస్త తియ్యగా తోచినది ఐసు కరిగే సమయానికి సమంగా కుదురుతుంది. కొత్త రసంతో పాళ్ళు చూసుకునేవారు గది వేడిమిలో కాకుండా, తాగే చల్లదనంలోనే రుచి చూడాలి.

2022 ఏప్రిల్‌లో నిమ్మకాయ ధర దేశమంతటా చుక్కలంటింది. అలాంటప్పుడు నిమ్మ ఉప్పుతో పని గడుపుకోవడంలో తప్పు లేదు, కానీ ఒక లోటు మిగులుతుంది. నిమ్మ వాసన ఉండేది రసంలో కాదు, చాలావరకు తొక్కలోని నూనెలో. లిమోనిన్, సిట్రాల్ వంటి పదార్థాలు అక్కడే ఉన్నాయి. ఒక కాయ తొక్కను చక్కెరతో కలిపి నలిపి గంటసేపు ఉంచితే నూనె చక్కెరలోకి దిగుతుంది. పాతకాలపు పంచ్ తయారీదారుల పద్ధతీ అదే. ఒక్క కాయ తొక్క, కొంచెం నిమ్మ ఉప్పు కలిస్తే చాలా కాయల పని జరుగుతుంది.

రసాన్ని ఎప్పుడు పిండాలన్నదీ ఇక్కడే చెప్పుకోవాలి. బత్తాయి రసం తీసి కాసేపు పక్కన పెడితే చేదెక్కడం మనందరికీ అనుభవమే. పండులో ఉన్నప్పుడు చేదు లేని ఒక పదార్థం, పిండిన తర్వాత రసంలోని ఆమ్లం తగిలి మెల్లగా చేదు పదార్థంగా మారుతుంది. తెల్లటి లోపలి పొర, గింజలు నలిగితే ఆ చేదు మరీ ఎక్కువ. కనుక బత్తాయి ఎప్పటికప్పుడు, మెత్తగా పిండుకోవాలి. పచ్చి అనాసలో ప్రోటీన్లను కోసే ఎంజైము ఉంది. పాలు గానీ గుడ్డు తెల్లసొన గానీ పడే పానీయంలో అది పోసి ఉంచితే చేదెక్కడం, విరిగిపోవడం తప్పవు. కలిపిన వెంటనే తాగాలి, లేదా అనాసను ఒకసారి ఉడికించాలి.

ఓడలో జరిగిన మార్పిడి

రసం మార్చడం రుచితోనే ఆగిపోదనడానికి చరిత్రలో ఒక విషాదం ఉంది. 1747లో జేమ్స్ లిండ్ అనే నౌకా వైద్యుడు 'సాలిస్‌బరీ' ఓడ మీద స్కర్వీ రోగం పట్టిన పన్నెండుమంది నావికుల్ని ఇద్దరిద్దరుగా విడదీసి వేర్వేరు చికిత్సలు ఇచ్చాడు. నారింజలు, నిమ్మలు తిన్న ఇద్దరే త్వరగా కోలుకున్నారు. 1795లో బ్రిటిష్ నౌకాదళం నావికులకు నిమ్మరసం పంచాలని నిర్ణయించాక స్కర్వీ బాగా తగ్గిపోయింది. అప్పట్లో వాడినవి మధ్యధరా ప్రాంతపు పెద్ద పసుపు నిమ్మకాయలు.

పందొమ్మిదో శతాబ్దం నడుమ దాటాక నౌకాదళం వెస్టిండీస్ చిన్న పచ్చ నిమ్మకాయలకు మారింది. అవి బ్రిటిష్ వలసల్లోనే పండేవి, పైగా ఇంకా పుల్లన. పులుపే మందు అని నమ్మిన కాలమది కనుక ఆ మార్పు మంచిదనే అనుకున్నారు. 1875లో ఉత్తర ధ్రువం వైపు బయలుదేరిన జార్జ్ నేర్స్ దళం నిమ్మరసం తీసుకుపోయినా స్కర్వీకి చిక్కింది. 1918లో లండన్ లిస్టర్ సంస్థలో హారియట్ చిక్ బృందం పరీక్షించి చూస్తే, పచ్చ నిమ్మరసానికి స్కర్వీని ఆపే శక్తి పసుపు నిమ్మరసంలో నాలుగో వంతే ఉందని తేలింది. రోగాన్ని ఆపింది పులుపు కాదు, తర్వాత విటమిన్ సి అని పేరు పెట్టుకున్న పదార్థం. పులుపు సమానమైనంత మాత్రాన రసాలు సమానం కావు.

ఇంకో కథ మన కాలానిది, మద్యంతో నేరుగా ముడిపడినది. 1980లలో కెనడా శాస్త్రజ్ఞుడు డేవిడ్ బెయిలీ, ఫెలోడిపిన్ అనే రక్తపోటు మందు మీద మద్యం ప్రభావం పరీక్షిస్తున్నాడు. పరీక్షకు వచ్చినవారికి మద్యం రుచి తెలియకుండా ఉండాలని గ్రేప్‌ఫ్రూట్ రసంలో కలిపి ఇచ్చారు. రక్తంలో మందు మోతాదు ఊహించినదానికన్నా చాలా రెట్లు ఎక్కువగా కనిపించింది. కారణం వెతికితే మద్యం కాదు, రసమే దోషి. ఆ రసంలోని ఫ్యూరనోకూమరిన్లు, పేగు గోడలో మందును విరగ్గొట్టే సి.వై.పి.3ఎ4 అనే ఎంజైమును పనిచెయ్యనివ్వవు. విరగవలసిన మందు ఎక్కువ మోతాదులో రక్తంలోకి చేరిపోతుంది. ఒక్క గ్లాసు ప్రభావం రోజంతా ఉండగలదు.

గ్రేప్‌ఫ్రూట్ మన దగ్గర అరుదు. దాని దగ్గరి బంధువు పంపరపనస మాత్రం మన పెరళ్ళలోదే, అందులోనూ ఈ పదార్థాలున్నాయి. నిమ్మ బదులు, బత్తాయి బదులు పంపరపనస వాడేవారు ఈ మాట మరవకూడదు. కొన్ని రక్తపోటు మందులు, సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్ వంటి కొలెస్టరాల్ మందులు వాడేవారు డాక్టరును అడగకుండా ఆ రసం తాగరాదు.

మద్యం గురించి కూడా దాచకుండా చెప్పాలి. మన దేశంలో అమ్మే విస్కీ, రమ్ముల్లో ఆల్కహాలు సాధారణంగా 42.8 శాతం. 60 మి.లీ.లో దాదాపు 20 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. ఎన్ని రసాలు పోసినా, ఎంత తియ్యగా చేసినా ఆ 20 గ్రాములు 20 గ్రాములే. రసం ఘాటును కప్పుతుంది, మత్తును కాదు. తియ్యటి రసంతో కలిపినది తేలిగ్గా దిగిపోతుంది కనుక లెక్క తప్పే ప్రమాదం ఇంకా ఎక్కువ.

మార్చేముందు

రసం మార్చదలచినవారు ఈ వరస పాటిస్తే చాలు. పాత రసం ఆ పానీయంలో ఏ పని చేస్తోందో ముందు గుర్తించండి. పులుపు పనైతే కొత్త రసంలో ఆమ్లం ఎంతో చూసి, తక్కువ పడినంత నిమ్మరసంతోనో నిమ్మ ఉప్పుతోనో పూరించండి. కొత్త రసం తెచ్చిన తీపి మేరకు సిరప్ తగ్గించండి. వాసన కోసమైతే తొక్కను వదలకండి. చల్లగా ఉన్నప్పుడే రుచి చూసి కొలతలు కాగితం మీద రాసి పెట్టుకోండి. పార్టీలో పదిమందికి పోసేవారు ఏ రసం కలిపారో ముందే చెప్పండి, ముఖ్యంగా పంపరపనస అయితే. అందరి ఇళ్ళలోనూ ఇవాళ మాత్రల డబ్బా ఉంటోంది. గ్లాసు అందుకునేవారికి అందులో ఏముందో తెలుసుకునే హక్కు ఉంది.